పేదరికంలో పాసైన పందికొక్కు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడితే వినేవాళ్ళకి గౌరవంగా ఉంటుంది గాని, మా అడవి అంత పెద్దదేం కాదు. ఒక గుట్ట, దాని కింద ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, గెడ్డకి అటూ ఇటూ మద్దిచెట్లు. పులి కూడా ఉందంటారు. నేను చూడలేదు. చూసినవాళ్ళెవరూ తిరిగొచ్చి చెప్పలేదు. ఉత్తర్వులు మాత్రం దాని పేరు మీదే వస్తుంటాయి కాబట్టి ఉందనే అనుకుంటాం.

నా పేరు తవిటయ్య. జాతికి తొండని. మాకు భగవంతుడు బలం ఇవ్వలేదు, అందం ఇవ్వలేదు, తల ఊపడం ఒక్కటి ఇచ్చాడు. ఎండలో రాయెక్కి కూర్చుంటే చాలు, తలకాయ దానంతటదే కిందికీ మీదికీ ఊగుతుంది. దానికీ నా అభిప్రాయానికీ ఏ సంబంధమూ లేదు. అసలు నాకు అభిప్రాయాలే తక్కువ. కానీ ఎవరొచ్చి ఏం చెప్పినా తల ఊపుతాను కదా, వీడికన్నీ తెలుసని జనం అనుకున్నారు. కొన్నాళ్ళకి నేనూ అనుకున్నాను. ఇక సలహాదారుణ్ణి కాక ఇంకేమవుతాను?

గుట్ట మీద మాకొక కాలేజీ ఉంది. ముసలి ఏనుగులు పాఠాలు చెప్తాయి. అక్కడ చదివొచ్చిన జంతువుకి కింద ఎక్కడికెళ్ళినా మర్యాదే. ఫీజు గింజల్లో కట్టాలి. ఎన్ని గింజలో చెప్తే చీమలకి కూడా కళ్ళు తిరుగుతాయి. పైగా గ్రంథాలయం ఫీజని ఇంకొకటి. గ్రంథాలయాన్ని చెదపురుగులు ఎప్పుడో తినేశాయి, ఫీజుని మాత్రం ముట్టుకోలేదు.

ఇలా ఉండగా పులి పేరు మీద ఒక ఉత్తర్వు వచ్చింది. లేనివాళ్ళ పిల్లలకి ఫీజు సర్కారే కడుతుంది. లేనివాళ్ళెవరో విచారణాధికారి ఇంటింటికీ తిరిగి, కళ్ళారా చూసి, చెవులారా విని తేలుస్తాడు.

ఆ ఉత్తర్వు చాటిన మర్నాటికల్లా మా అడవిలో ఉన్నవాళ్ళందరూ లేనివాళ్ళయిపోయారు.

అప్పుడే నాలోని మేధావి నిద్ర లేచాడు. ఉన్నవాడు లేనివాడిలా కనిపించడం మాటలా? దానికి అభ్యాసం కావాలి, గురువు కావాలి. నా రాయి పక్కన ఒక బోర్డు పెట్టాను. "పేదరికానికి కోచింగ్. ఫలితం రానివారికి మళ్ళీ కోచింగ్."

జనం విరగబడ్డారు. నా గురుదక్షిణ ఉసుళ్ళూ మిడతలూ. ఆ సీజన్లో నా పొట్ట రాయి మీంచి అటూ ఇటూ వేలాడింది. పేదరికం నేర్పి ఇంత బలిసినవాడు నాకు ముందు ఎవడూ ఉండడు.

మొదటి పాఠం నిట్టూర్పు. అది ముక్కులోంచి రాకూడదు, పక్కటెముకల్లోంచి రావాలి. పక్కటెముకలు కనబడనంత ఒళ్ళున్నవాళ్ళు కనీసం వాటి దిక్కుకి చెయ్యి పెట్టుకోవాలి. ఆ తరవాత ముఖ్యమైన పాఠం. అధికారి "ఎలా ఉన్నారు?" అంటాడు. వెంటనే జవాబు చెప్పకూడదు. ముందు ఆకాశం వైపు చూడాలి. "ఏం చెప్పమంటారు లెండి" అని సగంలో ఆపెయ్యాలి. మిగతా సగం అధికారే ఊహించుకుంటాడు. మనం చెప్పే కష్టం కన్నా అవతలివాడు ఊహించుకునే కష్టం ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది.

నెమలిగారు చాలా శ్రద్ధగా నేర్చుకున్నారు. తోకంతా ఎండుగడ్డిలో చుట్టి, నడుము వంచి, దగ్గుతూ నడిచేవారు. విచారణనాడు సరిగ్గా అధికారి ఎదుట నిలబడగానే మబ్బు పట్టింది. ఇక చూసుకోండి, గడ్డి ఎగిరిపోయింది, పురి విప్పి ఆడేశారు. మబ్బుని ఆపే పాఠం నా దగ్గర లేదు.

నా శిష్యుల్లో మకుటం లాంటివాడు పందికొక్కు సత్తిబాబు. గెడ్డ ఒడ్డున అతని బొరియ చూస్తే బొరియ అనబుద్ధి కాదు, గిడ్డంగి అనాలి. చోళ్ళు, కొర్రలు, సామలు, ఏ పంట కోసినా సగం అతని ఇంటికే నడిచొచ్చేది. కొడుకు చంటికి చదువు మీద ఆసక్తి లేదు. కానీ ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం సత్తిబాబు వంశంలో లేదు.

"గురువుగారూ, కట్టలేక కాదండీ. కట్టక్కర్లేనప్పుడు కట్టడం తెలివితక్కువ కదండీ?" అన్నాడు.

నేను తల ఊపాను.

ఒక పొద్దున క్లాసు జరుగుతుండగా వరహాలమ్మ వచ్చింది. కౌజుపిట్ట. పేరులో వరహాలున్నాయి గాని ఇంట్లో మర్నాటికి గింజుండదు. మొగుడు కిందటి వానల్లో పోయాడు. కోసిన చేల పక్క తుప్పలో కాపురం, సత్తిబాబు బొరియకి నాలుగు గెంతుల దూరం. వెనకాలే కూతురు పైడి, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడింది.

"బాబూ, మా గుంటకి కాలేజీలో సీటొచ్చీసింది. సర్కారోరు సాయం సేస్తారంట కదా. ఎలాగడగాలో కాసింత నేర్పండి బాబూ."

"ఏం చదువుతుంది?" అన్నాను.

పైడే చెప్పింది. "ఆకువైద్యం బాబూ. మా అయ్య కాల్లో తుమ్మముల్లు దిగబడిపోనాది. సీము పట్టీసింది. దానికి ఆకొకటి ఉందంట, గుట్టమీదోల్లకి తెలుసంట. ఆల్లకి కబురెల్లేతలికి అయ్య ఎలిపోనాడు. ఆ ఆకేటో నాను తెలుసుకోవాల."

అడవంతా నా దగ్గరికి వస్తోంది గాని, పిల్లకి చదువెందుకో చెప్పింది అదొక్కతే. ఈ గుంట చదువుకోవాలని ఆ క్షణాన గట్టిగా అనిపించింది. నాకు వచ్చిన కొద్ది అభిప్రాయాల్లో అదొకటి.

"వరహాలమ్మా, నీకు కోచింగెందుకమ్మా? నీ దగ్గర అసలు సరుకే ఉంది. సరే, ఒకసారి పరీక్ష పెడతాను, జవాబు చెప్పు" అని గొంతు సవరించుకుని అధికారిలా అడిగాను. "ఎలా ఉన్నారమ్మా?"

"బాగున్నాం బాబూ, మీ దయవల్ల. మీరెలాగున్నారు?"

క్లాసంతా గొల్లున నవ్వింది. సత్తిబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"భోజనాలయ్యాయా?"

"అయ్యింది బాబూ. మీకయ్యిందా?"

"ఏం తిన్నావ్?"

వరహాలమ్మ నేల వంక చూసింది. పైడి పక్కకి తిరిగింది. రాత్రి నించీ ఇద్దరూ ఏమీ తినలేదని అడగకుండానే తెలుస్తోంది.

"అయితే తిన్నానని ఎందుకు చెప్పావమ్మా?"

"మరేటి సెప్తాం బాబూ? అడిగినోరు మంచికే అడుగుతారు. నేదు అని సెప్పి ఆల్ల మనసు కష్టపెట్టీమంటారా?"

ఇదండీ నా పరిస్థితి. గిడ్డంగి ఉన్నవాడు పేదరికంలో ప్రథమ శ్రేణి. తిండి లేనిది అదే పరీక్షలో ఫెయిల్. నేను గురువుని.

క్లాసయ్యాక ఆమెకి విడిగా నేర్పడం మొదలుపెట్టాను. మిగతా పాఠాలేవీ వద్దు, ఒక్క మాట చాలు. ఎలా ఉన్నారంటే బాగాలేము అనాలి. అంతే. మా వైపు మామూలు జంతువులు 'లేదు'ని 'నేదు' అంటాయి, 'లేము'ని 'నేము' అంటాయి. సరే, నీ మాటలోనే చెప్పమ్మా, "బాగా నేము" అను చాలు, అన్నాను.

"బాగా..." అని ఆగిపోయేది. "బాగా... బాగున్నాం బాబూ" అనేసి నాలిక కరుచుకునేది. "పిల్ల ముందర ఆ మాటెలాగంటాను బాబూ? మనం బాగానేమని దానికి తెలిసిపోదా?"

"దానికి తెలుసమ్మా."

"తెలుసు బాబూ. నానంటే వినీసినట్టవుద్ది కదా."

కానీ రోజూ వచ్చింది. రోజూ ప్రయత్నించింది. ఆఖరికి ఒక సాయంత్రం కళ్ళు మూసుకుని, రెక్కలు దగ్గరికి ముడుచుకుని, "బాగా నేము" అనేసింది. అనేసి ఏడ్చింది. నేను నా గొప్పతనానికి నేనే మురిసిపోయాను. ఆ సాయంత్రం దొరికిన మిడత మహా రుచిగా ఉంది.

విచారణ రేపనగా సత్తిబాబు పరుగెత్తుకొచ్చాడు.

"గురువుగారూ, నటన వచ్చేసిందండీ. నిట్టూర్పు వచ్చేసిందండీ. బొరియ నిండా చోళ్ళ మూటలున్నాయండీ, వాటినేం చెయ్యమంటారు?"

జీవితంలో నాకు సొంతంగా వచ్చిన ఉపాయం ఒకే ఒక్కటి. అది ఆ సాయంత్రమే వచ్చింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ రాయి కిందికి దూరిపోవాలనిపిస్తుంది.

"వరహాలమ్మ తుప్పలో పెట్టు. ఆ ఇంట్లోకి అధికారి తొంగి కూడా చూడడు. చూడటానికి అక్కడేముంది కనక?" అన్నాను.

మూటలు పెట్టాక చూడటానికి ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. సత్తిబాబుకీ తట్టలేదు. అతనికి గురువు మీద నమ్మకం.

పొద్దుగూకే వేళకి మూటలన్నీ తుప్పలోకి దొర్లాయి. "రెండ్రోజులు ఉంచమ్మా. ఎవరడిగినా నావని మాత్రం చెప్పకు. మాటివ్వు" అన్నాడు సత్తిబాబు.

"అయ్యో, దానికేటి బాబూ. పొరుగోరు, మీ సామాను సంగతి నానెందుకు సెప్తాను? మాటిచ్చీసినాను, అంతే" అంది వరహాలమ్మ. మూటలన్నీ సర్దితే తల్లీకూతుళ్ళు పడుకోడానికి చోటు లేకపోయింది. బయట గడ్డిలో పడుకున్నారు.

మర్నాడు విచారణాధికారి వచ్చాడు. కొంగ. దక్షిణాన ఎక్కడో పెద్ద చెరువు దగ్గర్నించి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. మనిషి నిక్కచ్చి. ఒంటికాలి మీదే నిలబడతాడు, రెండో కాలు సర్కారు ఖర్చు తగ్గించడానికి దాచుకున్నాడని అతని గుమాస్తా కాకి చెప్పింది. శిక్షకుణ్ణి కనక నేనూ వెంట తిరిగాను.

సత్తిబాబు బొరియ ఖాళీగా, ఊడ్చినట్టుగా ఉంది. అతను చిరుగుల ఆకొకటి కప్పుకుని మూల కూర్చున్నాడు. భార్య ఉత్తి చిప్ప నాకుతోంది. చంటి కూడా ఒక చిప్ప నాకుతూ, చిప్పకి అంటుకున్న బెల్లం దొరికి కాస్త ఎక్కువ సంతోషపడ్డాడు గాని, అధికారి అటు చూడలేదు.

"ఎలా ఉన్నారయ్యా?"

సత్తిబాబు ఆకాశం వైపు చూశాడు. బొరియలో ఆకాశం లేదు కనక పైకప్పు వైపు చూశాడు. "ఏం చెప్పమంటారు లెండి..." అని ఆపాడు. ఆ ఆపడంలో అతను నన్ను మించిపోయాడు.

"భోజనాలయ్యాయా?"

సత్తిబాబు నోరు తెరిచేసరికి బ్రేవుమని ఇంత పొడుగు తేన్పు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. అతను మాత్రం కదలలేదు.

"ఆకలి మరీ ముదిరిపోతే ఇలా గాలొస్తుందండీ" అన్నాడు.

కొంగగారి కంట నీరు తిరిగింది. ఆకు మీద ముక్కుతో ఏదో గీసుకుని, సత్తిబాబు భుజం తట్టి బయటికొచ్చాడు.

తరవాత తుప్ప. వరహాలమ్మ తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చింది. ఎవరింటినించో మోదుగాకు దొన్నె అరువు తెచ్చింది. పైడిని గెడ్డకి పంపి నీళ్ళు తెప్పిస్తోంది. చుట్టుపక్కల ఏరుకొచ్చిన నూకలు గుప్పెడుంటే అవి దొన్నెలో పోసి సిద్ధంగా పెట్టింది. కొంగలు నూకలు తినవని ఆమెకి తెలుసు. అయినా ఇంటికొచ్చినవాడి ముందు ఖాళీ దొన్నె పెట్టడం ఆమెకి రాదు.

"రండి బాబూ, కూకోండి. ఎండన పడొచ్చినారు."

"ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు కొంగగారు.

వరహాలమ్మ నా వంక చూసింది. నేను కళ్ళతో ధైర్యం చెప్పాను. ఆమె రెక్కలు ముడుచుకుంది. "బాగా నే..." అంది. సరిగ్గా అప్పుడే పైడి నీళ్ళ దొప్పతో వాకిట్లోకి వచ్చింది. కూతుర్ని చూసిందా, ఆఖరి అక్షరం గొంతులోనే ఉండిపోయింది.

"బాగానే. సంతోషమమ్మా" అన్నాడు కొంగగారు, రాసుకుంటూ. దక్షిణాది మనిషి, మా 'నేము' ఆయనకేం తెలుసు?

"అది కాదండీ, ఆవిడ చెప్పబోయింది..." అని నేను అందుకోబోయాను.

"శిక్షకులు మధ్యలో మాట్లాడరాదు" అన్నాడు. "భోజనాలయ్యాయామ్మా?"

"అయ్యిందండి. మీరు కాసింత ఎంగిలి పడండి" అని దొన్నె ముందుకి తోసింది. ఈ ప్రశ్నకి జవాబు నేను నేర్పలేదు. ఒక్క మాట చాలన్న గురువుని కదా.

కొంగగారు దొన్నె చూశాడు. "అతిథి మర్యాదకి లోటు లేదు" అని గొణుక్కుంటూ రాసుకున్నాడు. వంగి తుప్పలోకి తొంగి చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. ఇంతసేపూ దాచుకున్న రెండో కాలు కూడా కింద పెట్టాడు.

"ఈ మూటలేంటమ్మా?"

వరహాలమ్మ దొన్నెని ఇంకాస్త ముందుకి జరిపింది.

"చోళ్ళేనా? ఇన్నా? ఎవరివి?"

పైడి తల్లి వంక చూసింది. వరహాలమ్మ కూతురి వంక చూసింది. ఇచ్చిన మాట ఒకవైపు, పిల్ల చదువు ఒకవైపు. "సెప్పకూడదు బాబూ" అంది చివరికి.

"ఇంట్లో ఉన్న సామాను ఎవరిదో చెప్పకపోతే ఇంటివాళ్ళదే అవుతుంది" అని కొంగగారు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా శిక్షకుడా, ఇప్పుడు మాట్లాడొచ్చు. నువ్వు పెద్దమనిషివి, నీకన్నీ తెలుసంటారు. ఈ మూటలు ఈవిడవేనా?"

కాదని చెప్పాలనుకున్నాను. ఒట్టు. కాదంటే ఎవరివంటాడు, సత్తిబాబువంటే నా కోచింగ్ ఏమవుతుంది, చెప్పకపోతే ఈ గుంట ఏమవుతుంది, అని లోపల లెక్కలేసుకుంటున్నాను. నెమలిగారి మబ్బు ఇంకా పట్టలేదు, ఎండ బాగా కాస్తోంది. నేను లెక్కలు తేల్చేలోపలే నా తలకాయ కిందికీ మీదికీ ఊగేసింది.

"సాక్షి ఒప్పుకున్నాడు" అన్నాడు కొంగగారు. కాకి ఎగిరొచ్చి ఒక్కొక్క మూట మీదా సర్కారు ముద్ర వేసింది.

మర్నాడు పొద్దున గెడ్డ ఒడ్డున సభ. ఫీజు గడువు ఆ సాయంత్రమే అని కాలేజీ నుంచి గాడిదలు గంపలతో సహా వచ్చి నిలబడ్డాయి. కొంగగారు ఫలితాలు చదివాడు.

"సత్తిబాబు. కటిక పేద. కొడుకు చదువు ఖర్చు సర్కారుది."

సత్తిబాబు నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నా కాళ్ళు చాలా చిన్నవి, వెతుక్కుని పెట్టాడు.

"వరహాలమ్మ. స్వయంగా బాగానే ఉన్నామని చెప్పింది. అతిథి సత్కారం చేసే స్తోమత ఉంది. ఇంట్లో పడుకోడానికి చోటు లేనంత ధాన్యం ఉంది. సాయానికి అనర్హురాలు."

పైడి ఏడవలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. తనే తల్లికి దగ్గరగా జరిగి, "పోన్లేమ్మా, ఆ ఆకేటో నానే ఎతుక్కుంటాను. ఏదో ఒకనాటికి దొరక్కపోద్దా" అంది. అయ్యని పోగొట్టుకున్న పిల్ల తల్లిని ఓదారుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. తొండ ఏడిస్తే ఎవరికీ తెలియదు, ఆ సుఖం ఒకటి.

సభ లేవబోతుంటే వరహాలమ్మ గెంతుకుంటూ ముందుకొచ్చింది.

"బాబూ, ఒక్క మాటండి. నాను ఉన్నదాన్నని సెప్పినారు. దేనివల్లండి?"

"ఆ మూటల వల్లమ్మా. విచారణలో తేలింది."

"అయితే ఆ మూటలు నావేనంటారా?"

"నీవే. సాక్ష్యం ఉంది, సర్కారు ముద్ర ఉంది. ఇక దాన్ని పులిగారు కూడా మార్చలేరు."

"సర్కారోరి మాట నాను కాదనను బాబూ. కానీ నాకో అనుమానం ఉంది" అని మెల్లగా సత్తిబాబు వైపు తిరిగింది. "సత్తిబాబు బాబూ, మీరు పొరుగోరు, మీకు తెలీనిదేటుంది? తుప్పలో మూటలు నావని సర్కారోరంటన్నారు. మీరేటంటారు? మీరెలాగంటే అలాగే. కాదంటే ఇప్పుడే ఇచ్చీస్తాను."

సత్తిబాబు నోరు తెరిచాడు. మూసుకున్నాడు. నావి అంటే కటిక పేదరికం పోతుంది, పైగా సర్కారుని మోసం చేసినట్టు. నావి కాదంటే చోళ్ళు పోతాయి.

"నాన్నా, అవి మన చో..." అన్నాడు చంటి. సత్తిబాబు వాడి నోరు నొక్కేశాడు.

"ఏమయ్యా సత్తిబాబూ, ఆ మూటలతో నీకేమైనా సంబంధం ఉందా?" అన్నాడు కొంగగారు, ఒంటికాలి మీద కాస్త ముందుకి వంగి.

సత్తిబాబు పక్కటెముకల్లోంచి నిట్టూర్పు వచ్చింది. ఎన్ని రోజులు నేర్పినా రానంత అసలైన నిట్టూర్పు అది. "లేదండీ. మా ఇంట్లో చిప్ప తప్ప ఏముందండీ? అవి ఆవిడవేనండీ."

"అయితే గుంట ఫీజుకి అవి కట్టీమంటారా బాబూ?" అంది వరహాలమ్మ.

"నీ... నీ గింజలు నీ ఇష్టమమ్మా. నన్నడుగుతావేంటి?"

"అడగాల కదు బాబూ. పొరుగోరు."

గాడిదలు తుప్ప దగ్గరికి నడిచాయి. మూటలు ఒక్కొక్కటే గంపల్లోకి ఎక్కుతుంటే సత్తిబాబు ప్రతి మూటకీ ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. పైడి గాడిదల వెంట గుట్ట ఎక్కింది. మలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది. వరహాలమ్మ రెక్క ఎత్తి ఊపింది, పిల్ల కనుమరుగయ్యాక కూడా ఊపుతూనే ఉంది.

తరవాతెప్పుడో నేను ఆమెని అడిగాను. "వరహాలమ్మా, నిజం చెప్పు. సభలో అలా అడగాలని ముందే అనుకున్నావా?"

"నాకేటి తెలుసు బాబూ, పిట్టని. మీరే కదా ముందరగా తలూపినారు. ఇందులో ఏదో కిటుకుంటాదని నానూ ఊరుకున్నాను" అంది.

ఆ మాట వేళాకోళమో నిజమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అడవి మాత్రం తేల్చేసుకుంది. ముందూ వెనకా అంతా ఆలోచించి తవిటయ్య తల ఊపాడట. ఎంత దూరదృష్టి, అంటున్నారు. నిజానికి ఒక పేదకుటుంబం పిల్ల చదువుకి నేను చేసిన సాయమంతా ఎండకి వచ్చిన ఒక ఊపు. అయినా పొగుడుతుంటే కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాను.

సత్తిబాబు సంగతి చెప్పాలి కదా. చంటి చదువు అయ్యేదాకా ఏటేటా విచారణ ఉంటుంది. పేదరికం అలాగే ఉందో లేదో చూడటానికి కాకి బొరియ ఎదురుగా కొమ్మ మీద మకాం పెట్టింది. పాపం, సత్తిబాబు గింజ తెచ్చుకోవాలన్నా బిక్కుబిక్కుమంటూ తెచ్చుకుంటున్నాడు. చిక్కి సగమయ్యాడు. ఇప్పుడతన్ని ఎవరైనా ఎలా ఉన్నారంటే, కోచింగ్ అక్కర్లేకుండానే ఆకాశం వైపు చూస్తున్నాడు.

నా కోచింగ్ మూతపడుతుందనుకున్నాను. పడలేదు. ఉన్నవాళ్ళు ఎప్పటిలాగే లేనివాళ్ళవడానికి వస్తున్నారు. కొత్తగా లేనివాళ్ళు కూడా వస్తున్నారు. వాళ్ళకి నిట్టూర్పులొద్దు, పాఠాలొద్దు. "బాబూ, మా ఇంటి పక్కన బాగా ఉన్నోల్లనెవర్నైనా కాపురం పెట్టించండి బాబూ, పుణ్యముంటాది" అని అడుగుతున్నారు.

ఇందులో నీతేంటని అడిగేవాళ్ళకి ఈ గురువు చెప్పగలిగింది ఒక్కటే: లేనివాళ్ళ పిల్ల చదువుకోవాలంటే దాతలు అక్కర్లేదు, తన దగ్గర ఏమీ లేదని సర్కారు ముందు గట్టిగా ఒట్టేసే ధనవంతుడు పొరుగున ఉంటే చాలు.